తలసరి బరువు

కంప్యూటర్లను నూలు కాంటా మీద తూచే ఆచారం మా శాఖలో ఎలా వచ్చిందో చెప్పమని కొత్తగా చేరిన వాళ్లు అడుగుతుంటారు. చెప్పే అర్హత నాకుంది. ఆ కాంటా నా అధీనంలో ఉండేది.

నా పేరు సుదర్శనాచారి. చేనేత నమూనాల నమోదు కార్యాలయంలో ఇరవై తొమ్మిదేళ్లుగా స్టాకు రిజిస్టరు రాస్తున్నాను. ఈ ఇరవై తొమ్మిదేళ్లలో రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. ఇంట్లో మా ఆవిడ దీన్నొక గుణంగా గుర్తించలేదు కానీ ఆఫీసులో అందరికీ తెలుసు.

మా కార్యాలయం చేసే పని చిన్నదే. నేతగాళ్లు కొత్త నమూనా నేసి తెస్తారు. మేం దానికొక నంబరు వేసి పక్కన వాళ్ల పేరు రాస్తాం. ఆ తర్వాత ఆ నమూనాను ఇంకెవరూ తమదని చెప్పుకుని అమ్మడానికి వీల్లేదు. దీనికి పదకొండో నిబంధన కింద రెండు వస్తువులు కావాలి. ఒకటి, ఆ చీర ఒక మనిషి కట్టుకుంటే కుచ్చిళ్లు, కొంగు ఎలా పడతాయో కంప్యూటర్ మీద తయారు చేసిన చిత్రం. రెండు, ఆ చిత్రాన్ని కార్యాలయం వారి యంత్రంలోనే, అధికారి సమక్షంలో ఎక్కించి కాల్చిన మూడు సీడీలు. సీడీలే ఎందుకంటే నిబంధన రాసిన కాలంలో అవి గొప్ప. ఆ తర్వాత కాలం మారింది గానీ నిబంధన మారలేదు.

ఈ రెండు పనులూ మా దగ్గరున్న పాత కంప్యూటర్ చేసేది. నల్లటి డబ్బా. బొమ్మలు గీసే పని మాత్రమే చూసుకునే గ్రాఫిక్స్ కార్డు దాని కడుపులోనే ఉండేది. సీడీ డ్రైవు కూడా అక్కడే ఉండేది, మీట నొక్కితే నాలుక చాపినట్టు పళ్లెం బయటికి వచ్చేది. అరగంటలో చిత్రం, పావుగంటలో మూడు సీడీలు. బరువు ఎంతో మాకెవరికీ తెలియదు. కంప్యూటర్‌కు బరువు ఉంటుందనే ఆలోచనే అప్పటికి ఎవరికీ రాలేదు.

ఆ ఆలోచన మా కమిషనర్ ప్రభంజన్ గారికి వచ్చింది. ఆయన ఏదో సదస్సుకు వెళ్లారు. అక్కడ వేదిక మీద ఒక కంపెనీ మనిషి ల్యాప్‌టాప్‌ను చిటికెన వేలి మీద నిలబెట్టుకుని, దాన్ని దించకుండానే ఇరవై నిమిషాలు మాట్లాడాడట. కమిషనర్ గారు ఆ మాటలేవీ వినలేదు. ఆ వేలి వైపే చూస్తూ కూర్చున్నారు. తిరిగి వచ్చిన నాలుగో రోజున పన్నెండు జిల్లాలకూ ఉత్తర్వు వచ్చింది. దాని పేరు తేలిక పాలన.

మా డిప్యూటీ డైరెక్టర్ నిరంజన్ మూర్తి గారు దాన్ని నిలబడి చదివారు. "పరిపాలనలో బరువు అనునది వలస పాలన కాలపు అవశేషమని గుర్తించడమైనది. ఇకపై కార్యాలయ ప్రాంగణంలో కంప్యూటర్ల బరువు తలసరి ఒక కిలోకు మించరాదు. ప్రతి అధికారి తన ల్యాప్‌టాప్‌ను కుడి చిటికెన వేలితో ఎత్తి చూపవలెను. అంతకు మించిన యంత్రములను తక్షణమే కండెం చేయవలెను."

మా అటెండరు జహంగీర్‌కు యాభై ఎనిమిదేళ్లు. మూర్తి గారు చదవడం అయ్యాక అతను నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"చిటికెన వేలు మీద ఎత్తుడు అంటే కృష్ణుడు కొండ ఎత్తినట్టా సార్?"

"అంతే అనుకో."

"ఆ కొండ కింద ఆవులు నిలబడ్డయ్. దీని కింద ఏం నిలబడ్తయ్?"

ఉత్తర్వులో చూశాను, అందులో జవాబు లేదు.

ఆగస్టు ఆరో తారీఖున పాత కంప్యూటర్‌ను కండెం చేశాం, అంటే పనికిరానిదని రాసేశాం. ముందు తూచాం. పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. మూర్తి గారు ఆ అంకె చూసి కుర్చీలో కూలబడ్డారు. ఇన్నాళ్లూ ఇంత బరువు పక్కన కూర్చుని సంతకాలు పెట్టానా అన్నట్టు చూశారు. నేను ఎర్ర సిరాతో రిజిస్టరులో రాశాను. జహంగీర్ దాన్ని భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే ఎలిగేటి అనసూయమ్మ ఎక్కుతూ ఎదురైంది.

ఈ అనసూయమ్మ గురించి చెప్పాలి. ఊరు రేగులగూడెం. వయసు యాభై దాటింది. నూలు పోగులకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గం మీద నేసే చిటికి పనిలో ఆవిడ చేతికి పేరుంది. నాలుగేళ్ల కిందట గోరింట మొగ్గల నమూనా ఒకటి కట్టింది. నమోదు చేయించుకోలేదు. ఆ దసరాకు నగరంలో చేనేత ప్రదర్శన చూద్దామని వెళితే, ఒక పవర్‌లూమ్ ఆసామి కొట్లో పనిచేసే పిల్ల ఆవిడ చీరనే ఆవిడ ముందు పరిచి, "ఇది మా ఓన్ డిజైన్ ఆంటీ, ఇంకెక్కడ దొరకదు" అందట. అనసూయమ్మ చీర మడత మళ్లీ సరిగ్గా పెట్టి వచ్చేసింది.

ఈసారి ఆవిడ కట్టింది కంది పువ్వు. ఆకుపచ్చ మీద పసుపు పూలు, ఒక్కో రేకుకూ సన్నటి ఎర్ర ఈనెలు. రెండేళ్ల పని. ప్రదర్శన అక్టోబరు ఒకటిన. సెప్టెంబరు ముప్ఫై సాయంత్రం అయిదు లోపు నంబరు పడితే అది ఆవిడ పేరు మీద ఉంటుంది. పడకపోతే మొదట ఎవరు వేలాడదీస్తే వాళ్లది. ఆ ఆసామి మనిషి అప్పటికే ఒకసారి రేగులగూడెం వచ్చి, మంచినీళ్లు అడిగి, మగ్గాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని పోయాడు.

"గిది ఏడికి వోతుంది సార్?" జహంగీర్ భుజం మీది డబ్బాను చూసి అడిగింది అనసూయమ్మ.

"కండెం అయిందమ్మా. కొత్తవి వస్తున్నాయి."

"ఒక్క గంట ఆగుతదా మరి? నా పని అయినంక తీస్కపోతరు."

ఆగదని చెప్పాను. రిజిస్టరులో అప్పటికే రాసేశాను కదా.

అధికారికి ఒకటి చొప్పున కొత్త ల్యాప్‌టాప్‌లు మూడు వచ్చాయి. చూడ్డానికి బాగున్నాయి, కాదనను. పలకలా సన్నగా ఉన్నాయి. నూలు కాంటా మీద పెడితే తొమ్మిది వందల ఎనభై గ్రాములు. మూర్తి గారు చిటికెన వేలితో ఎత్తి ఫోటో దిగారు. రెండో రోజునుంచి వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చేవారు గానీ ఆ సంగతి నివేదికలో రాయలేదు.

నివేదిక నెలనెలా పంపాలి. గత నెల బరువు, ఈ నెల బరువు, తగ్గుదల. మొదటి రెండు నింపడం తేలికే. మూడోది కష్టం. ఇనుప వస్తువు నెలనెలా చిక్కిపోదు కదా. మూర్తి గారు ఆలోచించి ల్యాప్‌టాప్‌ల అడుగున ఉండే రబ్బరు బిళ్లలు పీకించారు. మూడు గ్రాములు తగ్గింది. తర్వాత నేను అతికించిన స్టాకు నంబరు కాగితాలు పీకి గోడకు అంటించమన్నారు. అర గ్రాము. తూచే ముందు దుమ్ము తుడవాలనీ, వేలిముద్రలు కూడా దుమ్ములోకే వస్తాయనీ మెమో ఇచ్చారు.

ఆగస్టు చివర్లో అనసూయమ్మ మళ్లీ వచ్చింది. మూర్తి గారు ల్యాప్‌టాప్ తెరిచారు. నేను ఖాళీ సీడీ పట్టుకుని నిలబడ్డాను. పెట్టడానికి చోటు కనిపించలేదు. కుడి పక్క చూశాం. ఎడమ పక్క చూశాం. తిరగేశాం. జహంగీర్ కూడా వంగి చూసి, "నోరే లేదు సార్ దీనికి" అన్నాడు.

"బజార్ల చేపిచ్చుకొస్త సార్," అంది అనసూయమ్మ. "బస్టాండ్ కాడ పెండ్లి సీడీలు చేస్తరు. ఎంతసేపు గాదు."

మూర్తి గారు నొచ్చుకున్నారు. "చూడమ్మా, ప్రైవేటు యంత్రంలో కాల్చిన డిస్కు ప్రైవేటు డిస్కు అవుతుంది. అందులో ఉన్న నమూనాకు ప్రభుత్వ సంబంధమైన పవిత్రత ఉండదు. కొంత ఓపిక పట్టవలసి ఉంటుంది."

సీడీ డ్రైవు లేని ల్యాప్‌టాప్ పంపినట్టు తెలియజేస్తూ ప్రధాన కార్యాలయానికి లేఖ రాశాం. జవాబు వారంలో వచ్చింది. "డ్రైవు లేదన్న మీ అభిప్రాయం సరికాదు. లేకపోవుట వేరు, బయట ఉండుట వేరు. ఆధునిక యంత్రములలో డ్రైవు బయట ఉండును. పంపడమైనది." జవాబుతో పాటే అట్టపెట్టెలో డ్రైవు వచ్చింది. వైరుతో తగిలించుకునేది, నాలుగు వందల గ్రాములు.

తగిలించాం. పని చేసింది. అప్పుడు మూర్తి గారికి చెమటలు పట్టాయి.

"సుదర్శనాచారి గారూ, ఇప్పుడు మొత్తం ఎంత?"

"కిలో మూడు వందల డెబ్బై ఆరున్నర సార్."

"ప్రాంగణంలో తలసరి కిలో."

"అవునండి."

డ్రైవు తీసేస్తే నమోదు లేదు. ఉంచితే నివేదిక పాడవుతుంది. నేను ఉత్తర్వు మళ్లీ చదివాను. నాలుగో పేరాలో ఒక వాక్యం కనపడింది. ప్రాంగణానికి వెలుపల ఉంచు అనుబంధ పరికరములకు బరువు పరిమితి వర్తించదు. అది ఎవరి కోసం రాశారో తెలియదు, బహుశా జనరేటర్ల కోసం కావచ్చు. మా ఆఫీసుకు పడమటి వైపు ప్రహరీ లేదు. కిటికీ దాటితే మునిసిపాలిటీ వారి ఖాళీ స్థలం, అంటే ప్రాంగణానికి వెలుపలే. కిటికీ ఊచల్లోంచి వైరు తీసి, డ్రైవును అవతల స్టూలు మీద పెట్టించాను. ఆ రోజు మూర్తి గారు నాకు టీ తెప్పించారు.

వైరు మూరెడే. అందుకని మూర్తి గారి బల్ల కిటికీకి అంటించి వేశాం. ఆయన రోజంతా గోడ వైపు తిరిగి కూర్చునేవారు. వచ్చిన వాళ్లకు ఆయన వీపే కనిపించేది.

సెప్టెంబరు మొదటి వారంలో అనసూయమ్మ మూడోసారి వచ్చింది. సీడీ డ్రైవు సిద్ధంగా ఉంది. ముందు చిత్రం తయారు కావాలి. పాత కంప్యూటర్‌లో అరగంట పట్టే పని. ల్యాప్‌టాప్‌లో పదకొండింటికి మొదలుపెడితే భోజనాల వేళకు కంప్యూటర్‌లోని బొమ్మ మనిషికి ఒక్క కుచ్చిళ్ల మడత పడింది. మూడు గంటలకు రెండో మడత పడుతూ ఆగిపోయింది. ల్యాప్‌టాప్ అడుగు చెయ్యి పెట్టలేనంత కాలింది. రబ్బరు బిళ్లలు ఉంటే గాలి ఆడేదని ఎవరో అన్నారు. ఎవరన్నదీ మూర్తి గారు విచారించలేదు.

"పాపం, గా పిల్లకు చీర కట్టుడు రాదా సార్?" తెర మీది బొమ్మను చూస్తూ అడిగింది అనసూయమ్మ.

బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు విడిగా లేకపోవడమే కారణమని తేలింది. మళ్లీ లేఖ రాశాం. "గ్రాఫిక్స్ లేదన్న మీ అభిప్రాయం సరికాదు" అని జవాబు మొదలైంది. మిగతాది నేను ఊహించాను, సరిగ్గా అలాగే ఉంది. ఈసారి వచ్చిన బయటి పెట్టె అయిదు కిలోలు. దానికి సొంత ఫ్యాను, సొంత కరెంటు వైరు ఉన్నాయి. నడుస్తున్నప్పుడు పిండిమర చప్పుడు చేసేది.

అదీ కిటికీ అవతలికే పోయింది. స్టూలు చాలలేదు. వాన మొదలైంది. రేకుల షెడ్డు వేశాం. అందులోకి కరెంటు లాగాం. మేకలు వచ్చి వైర్లు నమలడంతో తడక కట్టాం. కాపలాకు మనిషి కావాలంటే జహంగీర్‌ను బాహ్య పరికరాల సంరక్షకుడిగా నియమిస్తూ మూర్తి గారు ఉత్తర్వు ఇచ్చారు. జహంగీర్ తన టిఫిన్ డబ్బా, రేడియో సర్దుకుని షెడ్డులోకి మారాడు. గ్రాఫిక్స్ పెట్టె కిటికీ ఎత్తుకు రావాలి కదా, దాని కింద పెట్టడానికి కండెం చేసిన పాత కంప్యూటర్‌ను తెచ్చుకున్నాడు. వేలం కమిటీ ఇంకా కూర్చోలేదు గనక అది వరండా చివర ఊరికే పడి ఉంది. దాని తెర కూడా తెచ్చి తడకకు ఆనించాడు.

"లోపల కంటే ఈడనే బాగుంది సార్," అన్నాడు నాతో ఊచల్లోంచి. "గాలి వస్తది."

సెప్టెంబరు నివేదికలో మా కార్యాలయం మొదటి స్థానంలో నిలిచింది. తొమ్మిది వందల డెబ్బై ఆరున్నర. ముప్ఫయ్యో తారీఖున కమిషనర్ గారు స్వయంగా తనిఖీకి వస్తున్నట్టు వర్తమానం వచ్చింది.

ఈలోగా అనసూయమ్మ ఇరవై రెండున వచ్చింది. డ్రైవు ఉంది, గ్రాఫిక్స్ ఉంది. ల్యాప్‌టాప్‌కు మాత్రం వైర్లు గుచ్చే రంధ్రాలు రెండే ఉన్నాయి. ఒకటి చార్జింగుకు పోతుంది. రెండో దాంట్లో గ్రాఫిక్స్ గుచ్చితే డ్రైవుకు చోటు లేదు. చార్జింగు తీసేసి గుచ్చుదామంటే పావుగంటలో ల్యాప్‌టాప్ కన్ను మూసింది. ఒక రంధ్రాన్ని నాలుగు చేసే హబ్ అనే వస్తువు ఉంటుందట. దానికి లేఖ రాశాం.

"ఇంక ఎనిమిది రోజులే ఉంది సార్," అంది అనసూయమ్మ నాతో. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా తోచింది. "రెండేండ్లు రాత్రి పగలు కూసొని కట్టిన. ఇంకోసారి నా చీర నాకే అమ్మచూపుతే నేను తట్టుకోలేను."

నేను రిజిస్టరు తెరిచి, మూశాను. నాకు వచ్చిన పని అదొక్కటే.

హబ్ ఇరవై తొమ్మిదిన వచ్చింది.

ముప్ఫై పొద్దున పదింటికే అనసూయమ్మ షెడ్డు దగ్గరికి చేరింది. లోపలికి రావడం మానేసింది, పనంతా అక్కడే కదా. మూర్తి గారు లోపల, ల్యాప్‌టాప్ ముందు. బయట హబ్బు, డ్రైవు, గ్రాఫిక్స్ పెట్టె, జహంగీర్. పదిన్నరకు చిత్రం మొదలైంది. పదకొండుకల్లా బొమ్మ మనిషి కంది పువ్వు చీర కట్టుకుని నిలబడింది. ఆ ఆకుపచ్చ బాగుంది.

అప్పుడు సీడీ పెట్టాం. సీడీ తిరగడం మొదలవగానే తెర మీద చీర మాయమైంది. సీడీ ఆపితే చీర వచ్చింది. మళ్లీ పెడితే మళ్లీ మాయం. హబ్బుకు రెండింటినీ మోసే శక్తి లేదని జహంగీర్ తేల్చాడు. ఒంటిగంట దాకా ప్రయత్నించాం. నాలుగు సీడీలు పాడయ్యాయి. మూడే మిగిలాయి. మూర్తి గారు కమిషనర్ గారికి పూలదండ సంగతి చూసి వస్తానని వెళ్లి, మూడైనా తిరిగి రాలేదు.

అనసూయమ్మ తడక పక్కన కింద కూర్చుంది. చీర సంచి ఒడిలో పెట్టుకుంది. జహంగీర్ తన టిఫిన్ డబ్బాలోంచి ఒక రొట్టె ఇచ్చాడు. ఆవిడ తీసుకుని చేతిలో పట్టుకుని ఉండిపోయింది.

"సార్," అన్నాడు జహంగీర్ ఊచల దగ్గరికొచ్చి. "ఒక మాట అంట, కోపం జేయకున్రి."

"చెప్పు."

"గీ కింద డబ్బా నడుస్తది. మొన్న వాన రోజు ఏం తోచక పెట్టి చూసిన. ఏం ఖరాబు గాలే, మంచిగనే ఉంది. దాంట్ల గ్రాఫిక్స్ ఉంది, సీడీ ఉంది. హబ్బు గిబ్బు ఏం వద్దు."

"అది కండెం అయింది జహంగీర్."

"కాయితంల అయింది సార్. దానికి తెల్వదు."

నేను లోపలికి వెళ్లి నా బల్ల దగ్గర కూర్చున్నాను. రిజిస్టరులో ఆ పేజీ తీశాను. ఎర్ర సిరా గీత స్పష్టంగా ఉంది, నేనే గీశాను. కండెం చేసిన యంత్రంలో కాల్చిన సీడీ చెల్లదు. గీతను కొట్టేస్తే ఇరవై తొమ్మిదేళ్ల రిజిస్టరులో మొదటి కొట్టివేత అవుతుంది. అప్పుడు ఉత్తర్వులో నాలుగో పేరా గుర్తొచ్చింది. కొట్టివేయాల్సిన అవసరమే లేదు. కొత్త పేజీ తిప్పి, నీలి సిరాతో రాశాను.

"సెప్టెంబరు ముప్ఫై. అనుబంధ బాహ్య పరికరము, ఒకటి. గ్రాఫిక్స్ మరియు సీడీ డ్రైవు లోపలనే కలిగినది. బరువు పద్నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. పరిమితి వర్తించదు. ఉండు చోటు: కిటికీ అవతల."

బయటికి వచ్చి జహంగీర్‌కు తల ఊపాను. అతను గ్రాఫిక్స్ పెట్టె కింద దించి, పాత తెరను తగిలించి, మీట నొక్కాడు. పాత డబ్బా గొంతు సవరించుకుని లేచింది. అనుబంధం అన్నాం గనక ఏదో ఒకటి అనుబంధించి ఉండాలని ఒక వైరు తీసి దాన్నీ ల్యాప్‌టాప్‌నూ కలిపాను. ఆ వైరులో ఏమీ పారలేదు.

మూడున్నరకు చిత్రం మొదలైంది. నాలుగుకు పూర్తయింది. నాలుగూ అయిదుకు మొదటి సీడీ, పదికి రెండోది వచ్చాయి. మూడోది పళ్లెంలో పెడుతుండగా కారు ఆగిన చప్పుడు వినిపించింది.

కమిషనర్ గారు సరాసరి లోపలికి వచ్చారు. వెనక మూర్తి గారు, ఆయన చేతిలో దండ. కమిషనర్ గారు ల్యాప్‌టాప్‌ను చిటికెన వేలితో ఎత్తి కళ్లు మూసుకున్నారు. "ఇదీ పరిపాలన," అన్నారు. ఎత్తేసరికి వైర్లన్నీ బిగుసుకున్నాయి. వాటి వెంట ఆయన చూపు కిటికీ దాకా వెళ్లింది.

"ఆ ధ్వని ఏమిటి?"

మూడో సీడీ తిరుగుతోంది. ఆపితే పాడవుతుంది. ఇంకో సీడీ లేదు. అవతల అనసూయమ్మ లేచి నిలబడింది, చేతిలో రొట్టె అలాగే ఉంది. మూర్తి గారు ఊచల్లోంచి పాత డబ్బాను గుర్తుపట్టి పాలిపోయారు. ఆయన నోరు తెరిచి ఏం చెప్పేవారో నాకు తెలియదు. నేనే ముందు మాట్లాడాను.

"బాహ్య పరికరం సార్. స్టాకు రిజిస్టరు మూడు వందల పన్నెండో పేజీ. గ్రాఫిక్స్‌ను, సీడీ డ్రైవును వేర్వేరుగా బయట ఉంచడం వల్ల వైర్లు పెరుగుతున్నాయని, రెండింటినీ ఒకే పెట్టెలో అమర్చడమైనది."

కమిషనర్ గారు ఊచలు పట్టుకుని చాలాసేపు చూశారు. సీడీ తిరుగుతూనే ఉంది.

"అంటే ఇన్నాళ్లూ విడివిడిగా ఉన్న బాహ్య వ్యవస్థలను మీరు సమీకృతం చేశారన్నమాట."

"చిత్తం."

"ఒకే పెట్టె. ఒకే కరెంటు వైరు. హబ్బు అవసరం లేదు." ఆయన గొంతు మెత్తబడింది. "మూర్తిగారూ, నేను నాలుగు దేశాలు తిరిగాను. ఈ ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు."

"తమ ఉత్తర్వు స్ఫూర్తితోనే సార్," అన్నారు మూర్తి గారు, రంగు మళ్లీ తెచ్చుకుంటూ.

అప్పుడు జహంగీర్ అవతలి నుంచి చెప్పాడు. సంరక్షకుడు కదా, తెలిసింది చెప్పడం తన పని అనుకున్నాడు. "లాప్‌టాప్ తీసేసినా నడుస్తది సార్ ఇది."

మూర్తి గారి చేతిలో దండ జారింది. కమిషనర్ గారు మెల్లగా నా వైపు తిరిగారు.

"ల్యాప్‌టాప్‌లన్నీ తీసేస్తే లోపల బరువెంత?"

"సున్నా సార్."

"తలసరి?"

"తలసరి కూడా సున్నానే సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సున్నా," అని మళ్లీ అన్నారు. అదే క్షణంలో అవతల పళ్లెం బయటికి వచ్చింది. జహంగీర్ మూడో సీడీ తీసి ఊచల్లోంచి అందించాడు. వేడిగా ఉంది. అధికారి సమక్షం అన్న నిబంధనకు మూడో సీడీ దగ్గరైనా ఇద్దరు అధికారులు దొరికారు. మూర్తి గారు సంతకం పెట్టారు. గడియారంలో నాలుగూ నలభై. నమోదు పుస్తకంలో నాలుగు వందల పదిహేడో నంబరు వేసి రాశాను.

"చదువు సార్ ఒక్కసారి," అంది అనసూయమ్మ కిటికీ దగ్గర నిలబడి.

"నమూనా, కంది పువ్వు. కట్టినవారు, ఎలిగేటి అనసూయ, రేగులగూడెం."

"ఇంకోసారి."

మళ్లీ చదివాను. ఆవిడ విని, అప్పుడు రొట్టె తినడం మొదలుపెట్టింది. నాకు సంతోషంగా ఉంది. ఆఫీసు పనిలో అలా అనిపించి చాలా ఏళ్లయింది.

తర్వాతి సంగతులు మీరు విన్నవే అయ్యుంటాయి. మా కార్యాలయాన్ని శూన్య భార కార్యాలయంగా ప్రకటించారు. ల్యాప్‌టాప్‌లను అదనపు బరువుగా గుర్తించి వెనక్కి పంపించాం. సమీకృత బాహ్య యంత్రాలు కొనమని మిగతా పదకొండు జిల్లాలకు ఉత్తర్వు వెళ్లింది. వాళ్లు ఆగస్టులో కండెం చేసినవి ఇంకా వరండాల్లోనే ఉన్నాయి. కానీ అవి కొత్తవి కావు గనక, కొత్తవాటి కోసం లేఖలు రాస్తున్నారు. మా షెడ్డును చూడటానికి బృందాలు వస్తాయి. జహంగీర్ చూపిస్తాడు. లోపల మూడు గదుల్లో ముగ్గురు అధికారులు ఖాళీ బల్లల ముందు కూర్చుంటారు. అక్కడికెవరూ రారు, నివేదిక బ్రహ్మాండంగా ఉంటుంది.

ఆ దసరా ప్రదర్శనలో కంది పువ్వు చీర కింద అనసూయమ్మ పేరుతో చీటీ వేలాడింది. పవర్‌లూమ్ ఆసామి కూడా ఒకటి తెచ్చాడు. నంబరు అడిగితే మడతపెట్టుకుని వెళ్లిపోయాడట.

మొన్న జనవరిలో ఆవిడ కొత్త నమూనా పట్టుకుని నేరుగా షెడ్డుకే వచ్చింది. నేను ఊచల్లోంచి చూశాను. తెల్లటి చీర. నడుమ ఒక్క పువ్వు లేదు, ఒక్క చుక్క లేదు, ఒట్టి తెలుపు. రంగులు, పూలు, తీగలు, జరీ అన్నీ రెండు అంచుల్లో కిక్కిరిసి ఉన్నాయి. ఒక అంచులో ఒక మూల చిన్న మేక కూడా ఉంది.

"నడుమ ఏం లేదేంటమ్మా?"

"నడుమ ఎందుకు సార్, తేలికగ ఉండనియ్యి. ఉన్నదంత అంచులకు తెచ్చిన," అంది. "రెండు నెలలు మీ ఆఫీసు సుట్టు తిరిగిన గదా, అప్పుడు తట్టింది."

"పేరేం రాయమంటావు?"

"ఆఫీసు అని రాయున్రి."

రాశాను. మూర్తి గారు చిత్రం చూసి, ఎంత తేలిగ్గా ఉంది అని మెచ్చుకుని, సంతకం పెట్టి, తమ ఇంటి వాళ్లకు ఒకటి నేసిపెట్టమన్నారు. అలవాటు కొద్దీ నేను ఆ చీరను నూలు కాంటా మీద పెట్టాను. ఆరు వందల గ్రాములు. నూలు ఎంత ఎక్కడ పోయిందో ఆవిడకు తెలుసు కాబట్టి, అందులో నడుమ బరువెంత అని అడిగాను.

"నూరు గ్రాములుంటదో ఉండదో సార్," అంది అనసూయమ్మ. "మోసేదంత అంచులే."